వారం లెక్క

వారానికి ఎన్ని కిలోమీటర్లు ఉరుకాలె సార్
అని అడిగిన.
రాజమొగిలి సార్ చాయ్ ఊదుకుంట
"మారథాన్ ఎన్ని గంటలల్ల ముగించాలని ఉన్నది?" అన్నడు.
మూడు, అన్న.
చాయ్ కింద పెట్టిండు.

హన్మకొండ స్టేడియంల పొద్దుగాల ఐదు.
సార్ మెడల తాడుకు రెండు స్టాప్‌వాచ్‌లు,
ఒకటి ఎన్నడో చెడిపోయింది, అయినా తియ్యడు.
"అరవై ఉరికితె ముగిస్తవు.
ఎనబై ఉరికితె నవ్వుకుంట ముగిస్తవు.
మూడు గంటలంటె నూరు దాటాలె,
అదీ ఒక్క వారం గాదు,
ముసురు పట్టినట్టు, వారం మీద వారం."

వేళ్ళ మీద లెక్కబెట్టిన.
కాజీపేటల నాది కీమాన్ డ్యూటీ,
ఆడిదాన్నయినా రిజిస్టర్ల కీమానే.
భుజం మీద సుత్తె, పానా, ఎర్రజెండ,
ఎనిమిది పోను, ఎనిమిది రాను,
స్లీపరు స్లీపరుకు అడుగేసుకుంట.
ఆరు రోజులకు తొంబై ఆరు.
"అయితె నాకింక నాలుగే తక్కువ సార్" అన్న.

సార్ నవ్వలే.
"నడక నా లెక్కల రాదు బిడ్డా,
నీ కాళ్ళ లెక్కల వస్తది."
ఆ మాట నాకప్పుడు ఎక్కలే.

వానకాలం అరవైతోని మొదలువెట్టిన.
పాత డైరీ వెనక పేజీల గీతలు గీసి
గడి గడికి ఒక అంకె.
డ్యూటీకి ముందు వడ్డేపల్లి కట్ట,
సెలవునాడు మడికొండ దాటి ధర్మసాగర్ దాక.
మా గ్యాంగు సదయ్య అంటడు,
"టీఏ లేని ఉరుకుడు నీదొక్కదాందే."
మా అత్త బియ్యం డబ్బా మూత తీసి చూసి
"కిలోమీటర్లు గాదు, కిలోలు రాయి" అంటది.

మిర్చి బండ్లు బారులు కట్టిన రోజులల్ల
ఎనుమాముల తొవ్వ పట్టిన ఒకనాడు.
లారీల వెంట ఎర్రటి ఘాటు,
మూడు కిలోమీటర్లు తుమ్ముకుంటనే ఉరికిన.
ఆ మూడూ రాసుకున్న, విడిచిపెట్టలే.

తొంబై నాలుగు. నూట రెండు. నూట పన్నెండు.
నూట పన్నెండు కింద రెండు ఎర్రగీతలు గీసిన.
తెల్లారి ఎడమకాలి ముందరి బొక్క మీద
వేలు పెడితె సూది దిగినట్టు.
ఎవ్వలకు చెప్పలే.
కంకర మీద కుంటుకుంట పోయి పట్టాను సుత్తెతోని కొట్టిన.
మంచి పట్టా ఖంగుమంటది,
లోపల పగులున్నది బొంగురువోతది.
నన్ను కొడితె ఎట్ల మోగుదునో.

యార్డు పాతలైన్లకు ఇంకా జాయింట్లున్నయి,
పట్టాకు పట్టాకు నడుమ చిటికెనవేలు దూరని సందు.
నౌకరి కొత్తల మేస్త్రి చెప్పిండు:
అది చూసి తప్పనుకోని దగ్గరికి జరుపకు,
ఎండకు ఇనుము సాగనీకి జాగ అది,
జాగ లేకుంటె లైను పాములెక్క మెలికవడ్తది.
తొమ్మిదేండ్లు ఆ సందులకు గ్రీజు పెట్టిన చేతులు నావి.
నా డైరీల ఒక్క సందు లేదు.

సార్ కాలు చూడలే, డైరీ చూసిండు.
ఎర్రగీతల కాడ ఆగి
"నీ డ్యూటీ ఏడ రాసినవు?" అన్నడు.
రాయలే.
"రాయి."
ట్రాక్ అంచుకు కూసోని రాసిన, తొంబై ఆరు.
నూట పన్నెండుకు కలిపితె రెండు వందల ఎనిమిది.
ఇద్దరం ఆ అంకెనే చాలాసేపు చూసినం.

"ఇగ నూరు నీది గాదు," అన్నడు,
చెడిపోయిన వాచీని బొటనవేలుతోని రుద్దుకుంట.
"డెబ్బై నాలుగు.
అండ్ల ఒకనాడు గట్టిగ, ఒకనాడు దూరం,
మిగిలినయి ముచ్చట పెట్టేటంత మెల్లగ.
నాలుగో వారం సగమే."
"సగం చేస్తె మూడు గంటలు వస్తదా సార్?"
"ఏమో.
నూట పన్నెండుకైతె రాదు."

ఈ వారం నాలుగోది.
ముప్పై ఏడు కాడ ఆపిన.
రాత్రి మా అత్త అడగకుండనే అన్నం తక్కువ వండింది.
ఆదివారం మూడున్నరకే మెలకువొచ్చింది,
గడప పక్కన బూట్లు అట్లనే ఉన్నయి,
వాటి దిక్కు చూడొద్దని గోడ దిక్కు మల్లిన.
యార్డుల ఏదో బొగ్గు బండి జరుగుతున్నది,
జాయింటు జాయింటుకు టక్కు, టక్కు,
పండుకోనే లెక్కబెట్టిన.
ముప్పై దాక యాదికున్నది.