తడి ఆరకముందే

బియ్యం మిషనుకు నా బొటనవేలు నచ్చలేదు.
మూడుసార్లు పెట్టిన. మూడుసార్లూ ఎర్రలైటు.
"తుడ్చి పెట్టక్కా" అన్నడు డీలరు బాల్‌లింగం.
కొంగుకు తుడ్చిన. కొంగుకింత నెత్తురంటింది,
వేలు మాత్రం నాదని ఒప్పుకోలె.

పద్నాలుగేండ్ల సంది సిమెంటు కలుపుతున్న.
జడ్చర్లల మిల్లు గోడలు, దేవరకద్రల బడి,
భూత్పూరు రోడ్డుమీద పేరు తెల్వని సార్ల బంగ్లాలు,
అన్నిట్ల నా వేళ్ల గీతలు కొన్ని ఉన్నయి
గిలాబు కింద, సున్నం కింద.
లెక్కజేస్తే నా దగ్గర మిగిలినయే తక్కువ.

పొద్దుమీకి పనైనంక
బట్టల సబ్బుతోని, చాలకపోతే ఇసుకతోని,
ఇంకా పోకపోతే పెయింటర్ హుస్సేను తిన్నరుతోని
తోముకునేదాన్ని, మాడిన గిన్నె తోమినట్టు.
మంట పుడితేనే శుభ్రమైనట్టనుకున్న.
మందుల షాపాయన ఇచ్చిన ట్యూబు
వారం దినాలు మెరిపించింది.
ఎనిమిదోనాడు పాత మంట
చుట్టాలను ఎంటేసుకొని వచ్చింది.

పాలమూరు పెద్ద దవాఖానల
డాక్టరమ్మ నుజ్హత్ నా చెయ్యి
బల్బు కింద అటిటు తిప్పింది.
"చర్మం గోడ లాంటిదమ్మా.
ఇటుకలుంటయి. నడుమ కొవ్వుంటది, మాలు లెక్క.
నువ్వు రోజూ ఆ మాలే కడిగేస్తున్నవు.
లోపలి తడి బయటికి, బయటి విషం లోపలికి."

నాకు నవ్వొచ్చింది.
గోడ సంగతి నాకు జెప్తున్నది!
"దర్జలు నేను నింపుకుంట, మందు రాయి" అన్న.
"ముందు పాడుజేసుడు ఆపు" అన్నది.
సబ్బు బందు. తిన్నరు బందు.
ఆ ట్యూబు నన్నడగంది ముట్టకు.
గోరువెచ్చని నీళ్లు. రుద్దకుండ అద్దుకునుడు.
తడి ఆరకముందే వాజిలిన్, మందంగ.
"వారంల కాదు. నెల, రెండు నెలలు."

అప్పుడు నవ్వు ఆగింది.
స్లాబు పోసిన తెల్లారి నుంచి
గోనెసంచులు పరిచి నీళ్లు గొట్టేది నేనే.
మేస్త్రి చెన్నకేశులు సెంట్రింగు ఇప్పుదమంటే
"పచ్చి స్లాబు మీద బరువు పెడ్తవా?" అని
మీదికి పోయేది నేనే.
ఎవలదో స్లాబుకు పద్నాలుగు దినాలు ఇప్పిచ్చినదాన్ని
నా చేతికి ఒక్క రాత్రన్న ఇయ్యలె.

పని ఎట్ల ఆపుత?
రబ్బరు గ్లోసులు కొన్న, లోపల నూలువి.
"దొరసానొచ్చింది" అన్నడు చెన్నకేశులు.
తట్ట తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టిన,
కొంచెం గట్టిగనే.
వానకు రెండు దినాల కూలి పోయింది,
చేతులకు మాత్రం పండుగ.
మూడోవారం మర్చిపోయి ఉత్తచెయ్యి మాలుల పెట్టిన.
మల్ల మొదటికొచ్చింది.

రాత్రిపూట, పిల్లలు పండినంక,
ఒక చెయ్యి ఇంకో చేతికి పూస్తది.
ఇన్నేండ్లు కలిసి పనిజేసినయి గని
ఇవి ఒకదాన్నొకటి ఇట్ల పట్టుకున్నది లేదు.
పగుళ్ల అంచులు మెత్తబడ్డయి.
బొటనవేలిని సెల్ఫోను వెలుగుల వాల్చి చూస్తే
ఒక గీత,
దాని పక్కపొంటి ఇంకొకటి,
వరస పెట్టుకుంట వస్తున్నట్టు.
లోపల ఎవలో కడ్తున్నరు.
దారం గుంజకుండ, మేస్త్రి కేకలెయ్యకుండ.
నా పనల్లా
తడి ఆరకుండ చూసుడు.

ఐదో తారీఖు మల్ల బియ్యానికి పోత.
మిషను ఏమంటదో.