నాలుగు గంటలు

బోర్డు మీద 24 గంటలు అని ఉంటది.
రెండంకె చుట్టున్న బల్బులు పోయిన వానకాలం పోయినయ్.
గప్పటిసంది జడ్చర్ల చౌరస్తాల
మా హోటలు నాలుగు గంటలే.

"ఏ నాలుగు గంటలన్నా?"
లారీ దిగినోడల్లా అడుగుతడు.
"నీకు ఆకలైన నాలుగు" అంట నేను.
కొత్తోడు నవ్వుతడు.
పాతోడు నా నోట్లెకెల్లి ఆ మాట గుంజుకొని
నాకే జెప్పి, వాడే నవ్వి,
చాయ్‌ల చక్కెర తక్కువైందంటడు.

పన్నెండు దాటితే మనుషులకు పేర్లుండయ్.
డబల్ ఆమ్లెట్ లేసి చెయ్యి కడుక్కుంటడు.
సింగిల్ చాయ్ బయట నిలవడి బీడీ ముట్టిస్తడు.
కారం దోశ ఫోన్ల పెండ్లాంతోని
"షాద్‌నగర్ దాటిన, అద్దగంటల ఇంట్ల ఉంట" అంటడు.
షాద్‌నగర్ ఇంకా ముందలుంది.
వాని ముందల ఇంకో దోశ గూడ ఉంది.

పది టన్నుల ఉల్లిగడ్డ ఏసుకొచ్చిన డ్రైవరు
ప్లేటుల ఇంకొక్క ముక్క కోసం
నాతోని అద్దగంట కొట్లాడిండు.
"లారీ నిండ ఉంది గదనే?" అంటే
"అది సేటుది తమ్మీ, ఇది నాది" అన్నడు.
రెండు గడ్డలు కోసి పెట్టిన.
కండ్లల్ల నీళ్ళు నావే ముందుగాల కారినయ్.

పెండ్లి బ్యాండోళ్ళు ఏడుగురొచ్చి
తొమ్మిది కుర్సీలు పట్టిన్రు. రెండు డోళ్ళకు.
ఊది ఊది పెదవులు వాసినాయన
చాయ్‌ని గూడ ఊదబట్టిండు.
"దీనికి బయానా ఎవడిస్తడు మామా?" అన్నడు పక్కోడు.
అందరు నవ్విన్రు, ఆయన తప్ప.
నవ్వుతె పెదవి పగుల్తదట.

పొయ్యి కాడ హుస్సేనమ్మ.
జొన్నరొట్టె కొట్టుకుంట లోపటికెల్లే రాజ్యమేలుతది.
ఆమె చట్టాలు రెండే.
టేబుల్ మీద తల వెట్టి పండినోన్ని లేపొద్దు, తల సుట్టు తుడువాలె.
పండినోని చాయ్ బిల్లు రాయొద్దు,
వాడు తాగలే, ఈగ తాగింది.

మొన్న రెండున్నరకు ఒకాయనొచ్చిండు.
చేతిల ఎక్స్‌రే కవరు, కాళ్ళకు చెప్పుల్లెవ్వు.
ఆరో టేబుల్ కాడ కూసోని రెండు చాయ్ అన్నడు.
ఇంకొకరు పాలమూరు దవాఖాన బండి దిగి వస్తరేమో అనుకొని
ఎదురుంగ ఒకటి వెట్టిన.
ఆయన తనది తాగిండు.
ఎదురుది మీగడ కట్టింది.
ఆయన దాన్నే సూస్తుండు.
నేను లెక్కల పుస్తకం తెరిచి
లెక్కలేవీ లేని పేజీ సదువుకుంట నిలవడ్డ.

హుస్సేనమ్మ పిండి చేతులతోనే ఒచ్చింది.
సల్లారిన గిలాస తీసింది, కొత్తది తెచ్చింది,
ఎదురుంగ కూసున్నది.
ఆరేండ్లల ఆమె కుర్సీల కూసునుడు నేను సూడలే.
కుర్సీ గూడ జర కిర్రుమన్నది.
"సల్లారుతదని తాగుతున్న" అన్నది.
గంతే.
తాగింది, గట్టిగ జుర్రింది, లేసి పోయింది.
పెనం మీద రొట్టె మాడింది.
ఆ మాడిన రొట్టె నాకే వచ్చింది.

ఆయన ఎక్స్‌రే మీదనే తల వెట్టి పండిండు.
నేను తల సుట్టు తుడిచిన.

తెల్లారుగట్ల సేటు బాలచెన్నయ్య వచ్చి
పుస్తకం తిరగేసి
"రెండు చాయ్ తక్కువున్నయేందిరా జహంగీరూ?" అన్నడు.
"ఈగలు" అన్న.
"మన ఈగలు శానా తాగుతయ్‌రా" అనుకుంట
బోర్డు దిక్కు సూసిండు.
"దీపావళికి బల్బులు ఏపిస్త" అన్నడు.
ఏ దీపావళికో అడుగలే.

ఆయన ఎప్పుడు లేసి పోయిండో తెల్వదు.
తడి టేబుల్ మీద నడుమ
ఎక్స్‌రే కవరంత పొడి జాగ మిగిలింది.
దాని మీదనే వెట్టిన
అచ్చంపేట ఫస్ట్ బస్సు కండక్టర్ ఇడ్లీ.
వాడు సంచి కుమ్మరించి చిల్లర లెక్కవెడ్తుండు,
అయిదు రూపాలు తక్కువొచ్చినయని
నా దిక్కు సూస్తుండు,
నేనే టికెట్ లేకుంట ఎక్కినట్టు.