సాక్షిదిమ్మె

మొదట అట్టతో చేశాం దాన్ని.
ఫ్రిజ్ వచ్చిన డబ్బా కోసి
భుజం ఒకటి, మోచేయి ఒకటి, మణికట్టు ఒకటి,
కీళ్ల దగ్గర గుండుసూదులు గుచ్చి
షెడ్డు గచ్చు మీద పడుకోబెట్టాం.
లెస్ హోల్‌గేట్ మోకాళ్ల మీద కూచుని
పుత్తూరులో కట్టు కట్టేవాళ్లు
విరిగిన చెయ్యి తడిమినట్టు తడిమి,
మెల్లగా మడిచి, చాచి,
"ఇక్కడ తగులుతుంది" అన్నాడు.
తగిలింది. రెండంగుళాలు కుదించాం.
అట్టలో తప్పు కత్తెరతో పోతుంది,
ఇనుములో తప్పు ఇంకో ఆదివారం తింటుంది.

ఇనుము ఎక్కడిదంటే
మూతపడ్డ పాలకేంద్రం గేటు స్తంభాలు,
చెత్తలారీకి ఊడదీసిన రెండు సిలిండర్లు.
ఒకటి కారుతుంది, ఇంకోటి కారబోతోంది.
బకెట్టుకు పళ్లు మాత్రం కొత్తవి కొన్నాం.
పళ్ల దగ్గర పిసినారితనం వద్దన్నాడు లెస్,
తన కట్టుడు పళ్లు ఊడదీసి చూపించి.

బయట లియాంగథా వాన,
రేకుల మీద శనగలు వేయిస్తున్నట్టు.
లోపల నీలం మంట.
నా మొదటి అతుకులు కాకిరెట్టల్లా పడ్డాయి.
లెస్ మాస్కు ఎత్తి చూసి,
ఏమీ అనకుండా గ్రైండరు చేతిలో పెట్టేవాడు.
ఎన్నోసారో గుర్తులేదు,
అతుకు జొన్నకంకిలా వరసలు తీరి దిగింది.
దానికీ ఏమీ అనలేదు. టీ పెట్టాడు.

గొట్టాలు తారుమారుగా బిగించింది నేనే.
లివరు పైకంటే చెయ్యి కిందికొచ్చి
బల్ల మీది మగ్గును పొడిచేసింది.
డోరీన్ మగ్గు అది.
ఆమె పోయి మూడేళ్లు.
ముక్కలన్నీ ఏరి డబ్బాలో పోసి
బోల్టుల డబ్బాల వరసలో పెట్టి,
"ఎడమ గొట్టం కుడికి మార్చు" అన్నాడు.

ఆగస్టులో మొదటి తవ్వకం.
కంచె వెంట సున్నపు గీత, నీళ్ల పైపుకి.
ఇరవై గుర్రాల నా బుల్లి ట్రాక్టరు
మొదటి పోటుకే
బెదిరిన దున్నలా ముందుకాళ్లెత్తింది.
ముక్కు మీద సిమెంటు దిమ్మెలు కట్టి,
అవీ చాలక లెస్‌ని కూచోబెట్టి
మళ్లీ నొక్కాను.
పళ్లు దిగాయి.
గడ్డి కింద ఎర్రమట్టి.

మా ఎర్రమట్టి కాదిది.
ఇది తడి బెల్లంలా ముద్దగా లేస్తుంది.
మాది గడ్డపారకు నిప్పులు రాల్చేది.
మా అవ్వ సుంకులమ్మ కరువుపనుల్లో తట్ట మోసింది,
చుట్టకుదురు పెట్టినచోట
చచ్చేదాకా వెంట్రుక మొలవలేదు.
గుంత నడుమ ఒక దిమ్మె వదిలేవాళ్లంట,
నెత్తిన గరికతో సహా,
నేల ముందు ఎంతెత్తుండేదో చెప్పే సాక్షిగా.
శనివారం మేస్త్రీ వచ్చి దాని పక్కన టేపు వేలాడదీసేవాడు.
టేపు ఎప్పుడూ వాడివైపే మాట్లాడేది.
అందుకని శుక్రవారం రాత్రి ఎవరో
గరిక పెచ్చు ఎత్తి, జానెడు మట్టి మెత్తి,
మళ్లీ గరిక కప్పేవాళ్లంట.
"ఎవరో" అనేటప్పుడు
అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది.

పన్నెండు గజాలు తవ్వాక
బకెట్టు ఎత్తి, రెండడుగులు దాటించి,
అవతల దించాను.
"అక్కడ వదిలేశావే?" ముక్కు మీంచి లెస్.
"కొలవడానికి."
"ఎవరు కొలుస్తారు?"
ఇంజను మోతలో వినబడనట్టే ఉన్నాను.

చీకటి పడింది. వాన ఆగింది.
కారాల్సిన సిలిండరు కారుతోంది.
టార్చి నోట కరిచి కందకంలోకి దిగాను.
ఎందుకు దిగానంటే చెప్పలేను,
చేతులకు మాత్రం తెలుసు,
గరిక ఎక్కడ పట్టుకుని లేపాలో.

పొద్దున లెస్ టేపు తీసి,
దిమ్మె పక్కన చొంగాళ్ల మీద కూచుని
కళ్లద్దాలు సవరించుకుని, మళ్లీ చూసి,
"మనం అనుకున్నదానికంటే
లోతే తవ్వాం" అన్నాడు.