మొగ దగ్గర లోతు

ఇవాళ తొమ్మిది అడుగులు.
గాలి ఆగ్నేయం. పోటు మీద ఉంది.
ఈ ఊరు తన గురించి తాను రాసుకున్న
మొదటి వాక్యాలు ఇవే,
పైలట్ కత్‌బర్ట్ పెన్‌హాలో చేతిరాతలో,
తడిసి ఉబ్బిన తోలు అట్ట పుస్తకంలో.

అప్పటికి ఊరు లేదు.
ఒక జెండా కొయ్య, ఒక గుడిసె, రెండు పీపాల ఉప్పు మాంసం.
న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరాన
ఏటికి అడ్డంగా పడుకున్న ఇసుక మేట.
లోపలికొచ్చే ఓడలకి లోతు చెప్పడం ఆయన కొలువు.
ఒక జెండా ఎగిరితే రా.
రెండయితే ఆగు.
ఏదీ లేకపోతే దేవుడి దయ.

ప్రూడెన్స్ అనే ఓడ ఆగలేదు.
పేరుకి అర్థం ముందుచూపు.
మూడో కెరటానికి మేటెక్కి కూర్చుంది,
బురదలో బర్రెలా, ఇక లేవనని.
ఏరు దాటి తెప్ప తగలేశారంటాం మనం.
వీళ్ళు తగలెయ్యలేదు,
చెక్క చెక్కా విప్పి ఇళ్ళు కట్టుకున్నారు.
ఫెర్రీ వీధి మొదటింటి గోడ
ఇప్పటికీ ఓడ కడుపులా వంపు తిరిగే ఉంది.
బీరువా ఆనించాలంటే కింద చీలిక పెట్టాలి.

పైన అడవిలో ఎర్ర దేవదారు.
నరికిన దుంగ చివర సుత్తితో ముద్ర కొట్టి
వరద కోసం కూర్చునేవాళ్ళు.
గారిటీది బాణం. బ్లైథ్ అన్నదమ్ములది గుర్రపు నాడా.
ఒకసారి రెండు ముద్రలున్న దుంగ దగ్గర
గారిటీ చెవి తెగింది.
కోర్టు లేని ఊరి తీర్పు:
దుంగ, చెవి పోయినవాడిది.

సర్వేయరు లూడోవిక్ ఫార్ గొలుసు పట్టుకొచ్చాడు.
ఆల్చిప్పలు ఏరుతున్న ముసలామెని
ఏటి పేరు అడిగాడు.
చెప్పింది. రాసుకున్నాడు.
మర్నాడు ఇంకోలా వినిపించింది, ఇంకోలా రాశాడు.
మూడోసారి ఆమె నవ్వి,
పిల్లాడికి చెప్పినట్టు, పెదాలు చూపిస్తూ చెప్పింది.
పటంలో మూడు పేర్లూ ఉన్నాయి, మూడు వంకల దగ్గర.
గవర్నరు నాలుగోది ఖాయం చేశాడు:
లాక్‌హర్స్ట్. ఆయన బావమరిది.
ఆమె పేరు ఎవరూ అడగలేదు.
ఆమె నిలబడ్డ చోటు ఆ తర్వాతి కాయితంలో
ప్లాటు ఏడు, ఖాళీ.

పుస్తకంలో ఒక రోజు:
పదకొండు అడుగులు. గాలి లేదు. కూతురు.
పుట్టిందో పోయిందో రాయలేదు.
మర్నాడు పది అడుగులు.

తర్వాత పెద్ద వరద.
లోతు: అని రాసి, పక్కన ఏమీ లేదు.
నాలుగు రోజులకి మళ్ళీ అదే చేతిరాత, కొంచెం వణుకుతూ:
మొగ ఇక్కడ లేదు. ఉత్తరాన అర మైలు. ఆరడుగులు.
ఊరేమో రేవు కోసం ఇక్కడ పుట్టింది.
రేవు వెళ్ళిపోయాక
ఊరు వెళ్ళలేక ఉండిపోయింది.
కొన్ని ఇళ్ళని మాత్రం ఎడ్లు కట్టి లాక్కెళ్ళారట,
ఒక ఇంట్లో పొయ్యి మీద కూర ఉడుకుతుండగానే.

కారు బాగయ్యేలోగా ఇదంతా చదివాను,
పైలట్ గుడిసెలో పెట్టిన మ్యూజియంలో.
ఆదివారాలు తాళం తీసే డల్సీ
ఆ ముసలామె వంశం.
ఏటి అసలు పేరు పలికింది.
మొదటి శబ్దానికి ఇంగ్లీషులో చోటు లేదు పాపం,
పదం చివర తప్ప.
నాకు ఒళ్ళు ఝల్లుమంది.
ఙ.
ఒకటో క్లాసులో పలక మీద దిద్ది,
ఇన్నేళ్ళలో ఒక్కసారి అవసరం పడని అక్షరం.
మిగతా పేరు ఇక్కడ రాయను.
అది ఆమె నోట వినాలి.

గర్వంగా పలికాను.
కాదంది.
మళ్ళీ పలికాను.
ఇంకా వెనక నుంచి, గొంతు దగ్గర్నుంచి, అంది.
మూడోసారి నవ్వి,
పెదాలు చూపించింది.

బయట జెండా కొయ్య చుట్టూ కారవాన్ల పార్కు.
ఎవరో దానికి తాడు కట్టి
తడి తువ్వాళ్ళు ఆరేశారు,
రెండు.