వెన్ తర్వాత విల్ ఉండదు

గ్రిమ్స్‌బీలో గురువారం సాయంత్రాలు
పాత చాపెల్ మేడగదిలో
రేడియేటర్ టకటకమంటుంది కానీ వేడెక్కదు.
మేం తొమ్మిదిమందిమి. కోట్లు విప్పం.
రుమ్యానా వేళ్ళకి కాడ్ చేప వాసన,
ఎన్ని నిమ్మచెక్కలు రుద్దినా పోనిది.
యోర్దానోస్ వృద్ధాశ్రమం నీలం చొక్కాతోనే వస్తుంది,
జేబుమీద కుట్టిన పేరులో ఒక అక్షరం తక్కువ.

మిసెస్ కాథోర్న్ బోర్డు మీద రాస్తుంది:
ఇఫ్.
పక్కన ఖాళీ.
ఆ ఖాళీ ముందు కాసేపు నిలబడుతుంది,
రైలు తప్పిన మనిషి పట్టాలు చూసినట్టు.

"వుడ్, కుడ్, మైట్, షుడ్,
వీళ్ళు ఒంటరిగా బతకలేరు.
ఎవరి వాక్యంలోనో ఒక గది అద్దెకి కావాలి."
అద్దె సంగతి మాకు వేరే చెప్పాలా.

మొన్న ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ రుమ్యానాతో అన్నాడట:
"ఆ నేల ఒకసారి కడగాలని నీకు అనిపించవచ్చేమో."
ఆమె కాస్త ఆలోచించి, మర్యాదగా,
"లేదండీ, అనిపించడం లేదు" అందట.
గదంతా నవ్వింది. రుమ్యానా నవ్వలేదు.
ఆ వారం ఆమెకి రెండు షిఫ్టులు తెగాయి.
"అది మైట్ కాదమ్మా," సుద్దముక్క కింద పెట్టింది మిసెస్ కాథోర్న్,
"చప్పుడు కాకుండా మేజోళ్ళు తొడుక్కొచ్చిన మస్ట్."

ఈ ఊళ్ళో ఎవరూ ఏదీ తిన్నగా అడగరు.
"మీరు ఆ తలుపు వెయ్యగలరేమోనని అనుకుంటూ ఉన్నాను" అంటారు.
అనుకుంటూ ఉన్నారట. ఎప్పుడు? నిన్నా?
చలిగాలి ఇప్పుడు కదా కొడుతున్నది.
గతంలోకి రెండడుగులు వెనక్కి వేసి
అక్కణ్ణుంచి చెయ్యి చాస్తారు,
కాదన్నా ఎవరి ముఖమూ ఎర్రబడనంత దూరం నుంచి.

నాకు 'వచ్చు' గుర్తొస్తుంది.
వాన రావచ్చు. లోపలికి రావచ్చు. నాకు ఈత వచ్చు.
అనుమానానికీ అనుమతికీ విద్యకీ ఒకటే చెప్పులజత.
ఇక్కడ గుమ్మం గుమ్మానికీ జత మార్చాలి.

"ఇఫ్ తర్వాత విల్ పెట్టకండి."
మరి బ్యాంకులో అమ్మాయి
"ఇఫ్ యు విల్ జస్ట్ సైన్ హియర్" అంటుంది కదా?
"అది రేపటి విల్ కాదు. దయచూపే విల్."
మరి చిప్స్ కొట్టు కుర్రాడు
"ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్" అంటాడు కదా?
"వాడు ఇక్కడే పుట్టాడు. వాడు తప్పు మాట్లాడినా
ఎవరూ కాగితాలు అడగరు."

ఇక మూడో రకం,
జరగనిది జరిగుంటే ఏం జరిగుండేదో చెప్పేది.
ఆ పేజీ ఆవిడ గబగబా తిప్పేస్తుంది.
గాలి లేచిన రాత్రి అసలు తెరవదు.
కింద హాలు గోడ మీద మునిగిన పడవల పేర్లున్నాయి.
మేం అడగలేదు.

ఈ వారం వెన్.
ఇఫ్ అంటే వస్తారో రారో.
వెన్ అంటే వస్తారు, ఎప్పుడన్నదే మిగిలింది.
వెన్ తర్వాత కూడా విల్ ఉండదు.
రేపు అక్కడ ఇవాళ్టి బట్టల్లో నిలబడుతుంది.

యోర్దానోస్ చెయ్యెత్తింది.
పద్నాలుగో నంబరు గదిలో మిస్టర్ బ్రాక్ల్స్‌బీ
రోజూ నాలుగింటికి అంటాడట,
"వెన్ విన్నీ కమ్స్, షీ విల్ వాంట్ హర్ టీ."
విన్నీ పోయి పదకొండేళ్ళు.
"నేను దిద్దాలా? ఇఫ్ షీ కుడ్ కమ్ అనాలా?
షీ వుడ్ అనాలా?"

రేడియేటర్ కూడా ఆగింది.
మిసెస్ కాథోర్న్ కళ్ళద్దాలు తీసి
స్వెట్టరు అంచుతో తుడిచింది, చాలాసేపు.
"ఆయన వాక్యంలో తప్పు లేదు," అంది.
"వెన్ తర్వాత విల్ వాడలేదు.
కమ్స్. సరిగ్గానే ఉంది."

మరుసటి గురువారం చెప్పింది యోర్దానోస్:
రెండు కప్పులు పెట్టిందట.
"వెన్ షీ కమ్స్" అని ఆయన అంటే
"వెన్ షీ కమ్స్" అని తనూ అందట.
ఇద్దరూ కిటికీలోంచి బస్‌స్టాప్ చూశారు.
ఐదింటికి, చల్లారిన రెండో కప్పు తనే తాగింది.
రెండున్నర చెంచాల చక్కెర.
విన్నీకి అలాగే ఇష్టమట.
"చాలా తీపి," అంది ముఖం చిట్లించి,
నోట్‌బుక్ తెరుస్తూ.