అబీలియో గదిలో ఏడు గిన్నెలు

పోర్టోలో వాన పట్టుకుంటే
గోడలక్కూడా జలుబు చేస్తుంది.
అలాంటి ఓ నవంబరు మధ్యాహ్నం అబీలియో ఫోన్ చేశాడు:
"ఒకటి వినిపిస్తాను, రా.
నీ ఊలుకి కాలం చెల్లింది."

మూడేళ్ల కిందట ఆ గదికి వైద్యం చేసింది నేనే.
నిలువునా నీలి టైల్స్ అతికించిన పాత గోడలవి.
చప్పట్లు కొడితే
పళ్లెంలో గోళీలు దొర్లినట్టు చప్పుడు తిరిగేది.
గొర్రె ఊలు కూరిన చట్రాలు పద్నాలుగు,
మూలమూలకీ మనిషెత్తు దిండు,
పైకప్పు కింద వేలాడేసిన బూడిదరంగు మబ్బు.
ఆ తర్వాత తలుపు సగమే తెరుచుకునేది.
లియోనీల్డ్ ఏమీ అనలేదు,
తన పూలకుండీని మెట్ల మీదికి మార్చుకుంది.

వెళ్లి చూస్తే
ఉగ్గుగిన్నె కన్నా చిన్నవి,
రాగివి, ఇత్తడివి, ఒక్కటి మాత్రం వెండిది,
మూడేసి ముల్లుకాళ్ల మీద
నా చట్రాల నెత్తినెక్కి కూర్చున్నాయి.
ఒక్కోటీ నా నెల అద్దె.

పిట్ట కొంచెం, కూత ఘనమట.
ఏ కూత? అన్నాను.
చెల్లో రెండడుగులు వెనక్కి జరిగిందట,
పాడే ఆమెకు పెదవులొచ్చాయట.

గది నడుమ మైకు నిలబెట్టాను.
గిన్నెలతో ఒక గీత, గిన్నెలు తీసి ఒక గీత.
ఒకదాని మీద ఒకటి పెడితే
ఒకే వెంట్రుక.

"మైకుకి చెవి లేదు" అన్నాడు.
"నీ చెవికి సిగ్గు లేదు" అన్నాను.
ఇద్దరం ఇంకో గ్లాసు పోసుకున్నాం.

వాళ్ల తాతగారి ఊరి గుడిలో
తాపీవాళ్లు మట్టికుండల్ని గోడలోపల
మూతి బయటికి పెట్టి కట్టారట.
వాళ్ల దగ్గరేమన్నా గ్రాఫులున్నాయా అంటాడు.
అవి ఆనపకాయంత కుండలయ్యా,
ఇందులో గుక్కెడు కాఫీ పట్టదు.
ఉద్ధరిణె పట్టుకుని
డోరో నదిని తోడేస్తావా?

చివరికి వంటింటి తువ్వాలుతో వాడి కళ్లు కట్టాను.
ఏడు గిన్నెలూ తీసి కోటు జేబుల్లో వేసుకుని
ముల్లు దించాను.
"ఆహా" అన్నాడు, "ఇప్పుడున్నాయి. ఆ ఊపిరి విను."
నేను ఊపిరి బిగబట్టాను.
కదిలితే జేబులు మోగుతాయి.
నవ్వుదామని వచ్చినవాణ్ణి, నవ్వలేకపోయాను.
చప్పుడు కాకుండా, తీసినవి తీసినట్టే సర్దేశాను.

పాటకీ పాటకీ మధ్య
రికార్డు ఉత్తినే గరగరలాడే చోట
తలుపు పక్కనున్న వెండిది
దోమంత సన్నంగా పలికింది.
"ఇది రికార్డులో లేదే" అన్నాడు, కళ్లకు గుడ్డతోనే.
మళ్లీ పలికింది.
లేచి తలుపు తీశాను.
నడవా చివర గరిటె పట్టుకుని లియోనీల్డ్:
"సూపు! మూడోసారి పిలవడం."

మూడేళ్లుగా
ఆవిడ పిలుస్తూనే ఉందిట.
పెడచెవిన పెడుతున్నాడని ఆవిడ,
పిలవడం మానేసిందని వీడు.
ఆ పిలుపు ఎక్కడికి పోయిందో
ఆ ఇంట్లో నా ఒక్కడికే తెలుసు.
మీటరు ఇంతని లెక్కగట్టి
బిల్లు వేసినవాణ్ణి.

సూపు తాగాం. క్యాబేజీ, ఉప్పు కాస్త ఎక్కువ.
తర్వాత ఎవరూ అడక్కుండానే
తలుపు పక్క చట్రం మరలు విప్పాను.
మిగతా ఆరు దేనికి పలుకుతాయో నాకు తెలీదు.
పోయేముందు మళ్లీ కొలిచాను.
గీత మారలేదు.

వానలో, వెనక తడిసిన గొర్రె వాసనతో వస్తుంటే
మూడో గేరులో, వంతెన మీద
నా జేబు జుయ్‌మంది.
ఇత్తడిది, ఒకటి మర్చిపోయాను.
గేరు మారిస్తే ఊరుకుంది. వేస్తే మళ్లీ.
ఈ బండి ఇన్నేళ్లుగా
ఒకే స్వరం పట్టుకుని మొరపెట్టుకుంటోందన్నమాట.

రేపు తిరిగిచ్చేస్తాను.
పోనీ, ఎల్లుండి.