కొసరు

బల్లరాట్‌లో జూలై గాలికి
మొహమాటం లేదు.
మఫ్లర్ బిగించుకుని
కెల్విన్ ట్రెజీస్ కొట్టు తలుపు తోశాను.
పైన చిన్న గంట మోగింది.
లోపల కొత్త రబ్బరు వాసన, చల్లారిన కాఫీ వాసన.

నాది పుర్రచెయ్యి.
పలక మీద 'అ' దిద్దేటప్పుడు
ఈ వేళ్ళ మీద పడ్డ బెత్తం
ఎక్స్‌రేలో ఇంకా కనిపిస్తుందేమో అనిపిస్తుంది
(ఎక్స్‌రేలు తీయడమే నా ఉద్యోగం,
ఒక్కసారీ తీసి చూసుకోలేదు).

కొట్టులో కుడిచేతి వాళ్ళకి నాలుగు గోడలు.
నాకు మెట్ల కింద ఒక మూల,
రెండు కర్రలు.
"ఉన్నవివే" అన్నాడు కెల్విన్,
నన్ను ఎడమచేతితో పుట్టించింది తనే అయినట్టు.
తర్వాత టేపు తీసి, మోకాలి మీద వంగి,
నా మణికట్టు నుంచి నేల దాకా కొలిచాడు.
పదహారేళ్ళుగా ఈ ఊరి ఎముకలన్నీ నేను చూస్తున్నాను.
నా చెయ్యి ఎంత పొడవో
ఒకరు వంగి చూడటం అదే మొదలు.

నలభై నిమిషాలు
వలలోకి బంతులు కొట్టించాడు.
ఐరన్ అడుగున అంటించిన పట్టీ మీద
గీత ఎక్కడ పడుతోందో కళ్ళజోడు పైకెత్తి చూశాడు.
కార్డు వెనక పెన్సిలుతో రాశాడు:
అర అంగుళం పొడవు. రెండు డిగ్రీలు నిటారు. ఎడమ.
సెట్టు పధ్నాలుగు వందల ఎనభై డాలర్లు,
ఆరు వారాలు పడుతుంది.

ఆలోచించుకుని చెప్తానన్నాను.
ఆ మాటకి అర్థం
రైతుబజారులోనైనా ఇక్కడైనా ఒకటే.

రాత్రి, దుప్పట్లో ఫోను వెలుగు.
అరిజోనాలో ఎవరిదో గోదాము,
ఎడమచేతికి అరవై రెండు రకాలు!
ఒక్కటీ మెట్ల కింద లేదు.
రవాణాతో కలిపి తొమ్మిది వందల అరవై.
తిట్టుకోకండి, నేను జీతగత్తెని.
కెల్విన్ కార్డు దిండు మీద పెట్టుకుని
అతని కొలతల్ని వాళ్ళ గళ్ళల్లో నింపాను.

పదకొండో రోజుకల్లా పెట్టె గుమ్మంలో ఉంది.
పొడవు సరిగ్గా పంపారు.
నిటారు సంగతి మరిచారు.
మంగళవారం ఆడవాళ్ళ తొమ్మిది గుంతల ఆటలో
కొట్టిన ప్రతి బంతీ ఎడమకే,
యూకలిప్టస్ చెట్లలోకే.
"మీ వాళ్ళ వైపే పోతోంది" అంది గ్లెనిస్.
వెనక్కి పంపాలంటే రెండు వందల పది.
జవాబు రాసినవాడికి పేరు లేదు,
క్షమాపణ మాత్రం మూడు పేరాలు ఉంది.

మళ్ళీ అదే గంట.
స్నేహితురాలు కానుకిచ్చిందని చెప్పాను.
"కొలతలున్నాయా?" అన్నాడు.
అలవాటుగా జేబులోంచి తీసి ఇచ్చేశాను,
ఇచ్చాక గుర్తొచ్చింది
ఆ పెన్సిలు ఎవరిదో.

కెల్విన్ కార్డు చదివాడు.
అటు తిప్పాడు, కొట్టు పేరు చదివాడు.
కర్రని పట్టులో బిగించి
పొడుగాటి ఇనప కడ్డీతో మెడ వంచాడు.
ఏడు కర్రలు. ఏడు మూలుగులు.
ఎనిమిదోది నాదే, బయటికి రాలేదు.

ముప్పై అయిదు అన్నాడు.
నోట్లు ఎడమచేత్తో ఇచ్చాను,
ఎడమచేత్తోనే తీసుకున్నాడు.
ఆపైన సీసాలోంచి పిడికెడు చెక్క టీలు
నా అరచేతిలో వేశాడు.
వంకాయలు తూచేశాక
తక్కెడ దించేసి, ఇంకొకటి వేస్తారే, అలా.
కొసరుని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలీదు.
మాట తెలీకపోయినా
అతనికి పని తెలుసు.

అయిదు వందల ఇరవైలో ముప్పై అయిదు తీసేసి
పన్ను తీసేసి
పోయిన బంతులు తీసేసి
మిగులు ఎంతో వేసి చూశాను.
రెండుసార్లు వేస్తే రెండు రకాలుగా వచ్చింది.

ఇప్పుడు బంతి తిన్నగానే పోతోంది.
ఎక్స్‌రే గదిలో కోటు జేబులో చెయ్యి పెడితే
ఒక టీ గుచ్చుకుంటుంది.
"ఊపిరి బిగపట్టండి" అని అవతలి వాళ్ళకి చెప్తూ
నేనూ బిగపడతాను.

సెప్టెంబరులో అటు పోతూ అద్దంలోంచి చూశాను.
మెట్ల కింద కర్రలు
అయిదయ్యాయి.
తలుపు మీద చెయ్యి వేశాను,
ఏ చెయ్యో మీకు తెలుసు.
గంట ఇంకా మోగలేదు.